కొత్త ఆంప్‌లో రివర్బ్ పలకడం లేదా? ట్యాంకు మార్చే ముందు ఇవి చూడండి

కొత్త గిటార్ ఆంప్ కొన్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: “అన్నీ బాగానే ఉన్నాయి, రివర్బ్ మాత్రం రావడం లేదు. ట్యాంకు పోయిందా?” రివర్బ్ అంటే స్వరం ఆగాక కూడా పెద్ద గదిలో మోగినట్టు వినిపించే మోత. దాన్ని పుట్టించే స్ప్రింగుల డబ్బాయే ట్యాంకు. కొందరికి రివర్బ్ వస్తుంది గానీ పీలగా ఉంటుంది. ఇంకొందరికి రివర్బ్ కన్నా హమ్మే, అంటే ఆగకుండా గుయ్‌మనే చప్పుడే, ఎక్కువ వినిపిస్తుంది. బాధ ఏదైనా చివరికి అందరూ అడిగేది ఒక్కటే, కొత్త ట్యాంకు ఎక్కడ దొరుకుతుంది అని.

తొందరపడకండి. ట్యాంకు అంటే ఒక రేకు డబ్బా, కొన్ని స్ప్రింగులు, రెండు కాయిళ్లు. కొత్త ఆంప్‌లో అరిగిపోవడానికి అందులో ఏమీ లేదు. తప్పు చాలావరకు దాని చుట్టూ ఉంటుంది. ప్లగ్గు ఊడి ఉంటుంది, కేబుళ్లు తారుమారై ఉంటాయి, రవాణాలో స్ప్రింగు కొక్కెం జారి ఉంటుంది, లేదా ప్యాకింగ్ ముక్క లోపలే ఉండిపోయి ఉంటుంది. అందుకే కింది వరస విప్పాల్సిన అవసరం లేని పరీక్షలతో మొదలవుతుంది. వరస తప్పించి నేరుగా మల్టీమీటర్ దగ్గరికి వెళ్లకండి.

సిద్ధాంతం ఇంతమాత్రం చాలు. ఆంప్ నుంచి ఒక కేబుల్ సిగ్నల్‌ను ట్యాంకులోకి తీసుకెళ్తుంది, ఇది సెండ్. అక్కడ ఇన్‌పుట్ కాయిల్ ఒక చిన్న అయస్కాంతాన్ని ఆడిస్తుంది, దాంతో స్ప్రింగులు ఊగుతాయి. అవతలి చివర అవుట్‌పుట్ కాయిల్ ఆ ఊపును మళ్లీ సిగ్నల్‌గా మారుస్తుంది. రెండో కేబుల్ దాన్ని ఆంప్‌కు తిరిగి తెస్తుంది, ఇది రిటర్న్. మనం చేసే పనంతా తప్పు సెండ్ వైపు ఉందా, రిటర్న్ వైపు ఉందా తేల్చడమే.

కావలసినవి

- మల్టీమీటర్. మామూలు రకం చాలు.
- బాగుందని తెలిసిన ఆర్‌సీఏ కేబుల్ ఒకటి (ట్యాంకుకు తగిలించే రకం, ప్లగ్గు నడుమ ఒక పిన్ను ఉంటుంది).
- ఆర్‌సీఏ ప్లగ్గును గిటార్ జాక్‌లో పెట్టడానికి అడాప్టర్.
- స్టార్ స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ పిడి ఉన్న చిన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్.
- టార్చి. ఇత్తడి లేదా ప్లాస్టిక్ ట్వీజర్లు. ఉక్కువి వద్దు, ట్యాంకులోని అయస్కాంతాలు వాటిని చటుక్కున లాగేసుకుంటాయి. ఆ దెబ్బకు సన్నతీగలు తెగుతాయి.
- ఫోన్ కెమెరా.

సోల్డరింగ్ ఐరన్‌ను ఈ జాబితాలో కావాలనే చేర్చలేదు.

ముందే రెండు హెచ్చరికలు

చాసిస్ జోలికి, అంటే ఆంప్ సర్క్యూట్ ఉండే రేకు పెట్టె జోలికి, వెళ్లకండి. ట్యూబ్ ఆంప్ లోపల 400 వోల్టులు, అంతకు పైనే ఉండవచ్చు. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉంటుంది. ఇక్కడ చెప్పే పరీక్షలన్నీ ట్యాంకుకు, దాని రెండు కేబుళ్లకు పరిమితం. ట్యాంకు బాగుందని తేలి తప్పు ఆంప్ సర్క్యూట్‌లో ఉందనుకుంటే ఆ పని టెక్నీషియన్‌ది.

రెండోది వారంటీ. వెనక పలక విప్పితే వారంటీ పోతుందేమో అమ్మినవాళ్లను ముందే అడగండి, జవాబు రాతపూర్వకంగా ఉంటే మేలు. మొదటి నాలుగు అంచెలకు చాలా కాంబో ఆంప్‌లలో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేవి) ఒక్క స్క్రూ కూడా తీయక్కర్లేదు, వెనక తెరిచి ఉన్న చోటునుంచే చేయి పెట్టవచ్చు.

1. రివర్బ్ నిజంగా ఆన్‌లో ఉందా?

అడగాల్సిన ప్రశ్న కాదనిపిస్తుంది గానీ ఇక్కడే తేలిపోయే కేసులు తక్కువేం కాదు.

ముందు ఆంప్‌లో అసలు ట్యాంకు ఉందో లేదో చూడండి. ప్యానెల్ మీద స్ప్రింగ్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల స్ప్రింగులు ఉండాలని లేదు. ఇప్పటి ఆంప్‌లలో చాలావాటికి రివర్బ్ డిజిటల్ చిప్ నుంచి వస్తుంది. వెనకనుంచి టార్చి వేసి చూడండి. అడుగున గానీ పక్క గోడకు గానీ పొడవాటి రేకు డబ్బా, లేదా దాన్ని ఉంచిన నల్లటి సంచి కనబడాలి. అందులోంచి రెండు ఆర్‌సీఏ కేబుళ్లు చాసిస్‌కు వెళ్లాలి. అవేవీ లేకపోతే ఈ వ్యాసంతో మీకు పని లేదు.

తర్వాత చానెల్. ఫెండర్ ట్విన్ రివర్బ్, డీలక్స్ రివర్బ్‌ల 1965 నమూనా రీఇష్యూలలో (పాత నమూనాను మళ్లీ తయారుచేసినవి) నార్మల్ చానెల్‌కు రివర్బ్ ఉండదు, వైబ్రాటో చానెల్‌కే ఉంటుంది. గిటార్‌ను నార్మల్‌లో పెట్టి రివర్బ్ నాబ్‌ను ఎంత తిప్పినా లాభం లేదు.

ఇక ఫుట్‌స్విచ్. కొన్ని ఆంప్‌లలో ఫుట్‌స్విచ్ తగిలించకపోతే రివర్బ్ ఆన్‌లోనే ఉంటుంది, కొన్నింటిలో ఆఫ్‌లో ఉంటుంది. ఒకసారి తగిలించి, ఒకసారి పీకేసి, రెండు విధాలా వినండి. రెండు బటన్లున్న ఫుట్‌స్విచ్ ప్లగ్గు జాక్‌లో సగమే దిగి ఉన్నా రివర్బ్ లైను షార్ట్ అయిపోవచ్చు.

2. గుద్ది వినండి

మొత్తం పరీక్షల్లో ఇదే రాజు. దీనికి పనిముట్టు అక్కర్లేదు.

ఆంప్ ఆన్ చేసి, వాల్యూమ్ బాగా తగ్గించి, రివర్బ్ నాబ్ 4 దగ్గర పెట్టండి. గిటార్ మీటకండి. ఆంప్ పక్క గోడ మీద అరచేత్తో ఒక మోస్తరుగా కొట్టండి. ట్యాంకు, రిటర్న్ వైపు బాగుంటే అటక మీంచి స్టీలు గిన్నెలు జారిపడ్డట్టు స్పీకర్‌లోంచి పెద్ద చప్పుడు వస్తుంది. అది రోగం కాదు, ఆరోగ్యం. “ఆంప్ కదిలిస్తే భయంకరమైన శబ్దం వస్తోంది” అని బెంగపడేవాళ్లకూ ఇదే జవాబు.

ఇప్పుడు విన్నదాన్ని బట్టి దారి ఎంచుకోండి.

చప్పుడు గట్టిగా వచ్చి, గిటార్‌కు మాత్రం రివర్బ్ లేకపోతే రిటర్న్ వైపంతా బాగున్నట్టే. తప్పు సెండ్ కేబుల్‌లోనో, ఇన్‌పుట్ కాయిల్‌లోనో, దాన్ని నడిపే సర్క్యూట్‌లోనో ఉంది.

చప్పుడు అసలు రాకపోతే తప్పు రిటర్న్ వైపు. అవుట్‌పుట్ కాయిల్, రిటర్న్ కేబుల్, ఆంప్‌లో దాన్ని అందుకునే భాగం, ఫుట్‌స్విచ్ లైను, వీటిలో ఒకటి.

చప్పుడూ పీలగా, రివర్బూ పీలగా ఉంటే మొదట అనుమానించాల్సింది కేబుళ్లు తారుమారు కావడాన్నే.

3. ప్లగ్గులు సరైన చోట ఉన్నాయా?

ఇక్కడ తెలివైనవాళ్లే బోల్తా పడతారు. ట్యాంకు మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు జాక్‌లు ఉంటాయి. కొన్ని ఆంప్‌ల చాసిస్ మీద కూడా రివర్బ్ ఇన్, రివర్బ్ అవుట్ అని రాసి ఉంటుంది. చాలామంది ఇన్‌ను ఇన్‌కు, అవుట్‌ను అవుట్‌కు కలుపుతారు. అది తప్పు. ఆంప్ అవుట్ నుంచి ట్యాంకు ఇన్‌పుట్‌కు, ట్యాంకు అవుట్‌పుట్ నుంచి ఆంప్ ఇన్‌కు వెళ్లాలి. ఎరుపు, తెలుపు రంగులను నమ్మకండి. కేబుల్‌ను చేత్తో పట్టుకుని ఒక చివర నుంచి రెండో చివర వరకు చూసుకోండి.

ఆంప్ ఆఫ్ చేసి నాలుగు ప్లగ్గులనూ పీకి మళ్లీ పెట్టండి. పెట్టేటప్పుడు కొద్దిగా తిప్పుతూ నెట్టితే జాక్ మీద పేరుకున్న తుప్పు పొర రాలుతుంది. ప్లగ్గు వదులుగా ఉంటే దాని బయటి రేకును వేళ్లతో కాస్త నొక్కి బిగువు చేయండి. ట్యాంకు సంచిలో ఉంటే సంచి అంచు ప్లగ్గును బయటికి నెడుతోందేమో కూడా చూడండి.

ఆ తర్వాత ఏ జాక్ ఏ జాక్‌కు వెళ్లాలో మార్చకుండా, రెండు కేబుళ్లను మాత్రం ఒకదాని స్థానంలో మరొకటి వేసి మళ్లీ గుద్ది వినండి. లక్షణం మారితే కేబుల్‌దే తప్పు. మారకపోతే కేబుళ్ల మీద అనుమానం చాలావరకు పోయినట్టే.

4. రిటర్న్ కేబుల్‌ను ముట్టి వినండి

గుద్దినప్పుడు చప్పుడు రానివాళ్లకే ఈ అంచె.

వాల్యూమ్ తగ్గించి, ట్యాంకు అవుట్‌పుట్ జాక్ నుంచి రిటర్న్ ప్లగ్గు పీకండి. ఆంప్ వైపు అలాగే ఉంచండి. రివర్బ్ నాబ్ 3 దగ్గర పెట్టి, చిన్న స్క్రూడ్రైవర్ మొనను ప్లగ్గు నడిమి పిన్నుకు ఆనించి, వేలితో దాని ఇనుప కాడను తాకండి. స్పీకర్‌లో బర్రుమని శబ్దం రావాలి. వస్తే కేబుల్, ఆంప్ రెండూ బాగున్నాయి, అనుమానం ట్యాంకు అవుట్‌పుట్ మీదికి మళ్లుతుంది. రాకపోతే మంచిదని తెలిసిన కేబుల్ పెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ రాకపోతే తప్పు ఆంప్ లోపల ఉంది, ట్యాంకును వదిలేయండి.

ఈ పరీక్ష రిటర్న్ కేబుల్ మీదే. సెండ్ ప్లగ్గును ఇలా ముట్టకండి, కొన్ని ఆంప్‌లలో అక్కడ సిగ్నల్ వోల్టేజీ గట్టిగానే ఉంటుంది. ముట్టినప్పుడు ఏమాత్రం షాక్ తగిలినట్టు అనిపించినా ఆంప్ ఆపేసి వెనక్కి పంపండి.

5. ట్యాంకును తీసి కళ్లతో చూడండి

ఆంప్ ఆఫ్ చేసి, గోడ నుంచి ప్లగ్గు తీసేయండి. ట్యాంకు విప్పే ముందు అది ఏ వైపు తిరిగి ఉంది, ఏ కేబుల్ ఎక్కడుంది ఫొటో తీసుకోండి. స్క్రూలు తీసి ట్యాంకును మెల్లగా సంచిలోంచి జార్చండి. తెరిచి ఉన్న వైపు పైకి పెట్టి టార్చి కింద చూడండి.

వెతకాల్సినవి:

ప్యాకింగ్ ముక్క. స్ప్రింగుల మధ్య స్పాంజీ ముక్క గానీ అట్టముక్క గానీ ఇరుక్కుని ఉంటే ఊపు ఆగిపోతుంది. కొన్ని ట్యాంకులకు రవాణా కోసం స్ప్రింగులను బిగించే లాక్ కూడా ఉంటుంది, దాన్ని విడిపించాలి.

జారిన స్ప్రింగు. ప్రతి స్ప్రింగు రెండు చివరలా సన్నటి కొక్కేనికి తగిలి ఉండాలి. కొన్ని ట్యాంకుల్లో ఒక వరసలో రెండు స్ప్రింగులు నడుమ కలిసి ఉంటాయి, ఆ అతుకూ చూడండి. ఒకటి జారితే రివర్బ్ పూర్తిగా పోదు, పలచబడుతుంది. ట్వీజర్లతో తగిలించవచ్చు గానీ స్ప్రింగును సాగదీయకండి. ఒకసారి సాగిన స్ప్రింగు మళ్లీ మొదటిలా పలకదు.

లోపలి పళ్లెం. స్ప్రింగులు, కాయిళ్లు ఉన్న లోపలి రేకు బయటి డబ్బాకు నాలుగు మూలలా చిన్న స్ప్రింగులతో వేలాడుతుంది. ఒక మూల ఊడితే పళ్లెం డబ్బాకు ఆని గరగరలాడుతుంది.

సన్నతీగలు. జాక్ నుంచి కాయిల్‌కు వెళ్లే రాగి తీగలు తలవెంట్రుకంత ఉంటాయి. తెగితే ఆ వైపు పూర్తిగా మూగపోతుంది. వేలితో లాగి పరీక్షించకండి, బాగున్నది కూడా తెగుతుంది.

తెగిన తీగ కనిపిస్తే ఫొటో తీసి ఆగిపోండి. వారంటీ ఉన్న ఆంప్‌లో దాన్ని అతికించే పని పెట్టుకోవద్దు. తీగ మీది ఎనామెల్ పూత గీకడంలో, ఐరన్ వేడి ఎక్కువసేపు ఆనించడంలో కాయిల్ చెడిపోవడం చాలా తేలిక.

6. మల్టీమీటర్ ఏం చెబుతుంది?

రెండు కేబుళ్లూ పీకేశాకే, ట్యాంకు మీది ఒక్కో జాక్ నడిమి భాగానికీ దాని బయటి రేకుకూ మధ్య కొలవండి. కేబుల్ ఉండగా కొలిస్తే ఆంప్‌లోని సర్క్యూట్‌ను కూడా కలిపి కొలిచినట్టవుతుంది.

ట్యాంకు మీద అచ్చేసిన కోడ్ చూడండి. ఫెండర్ తరహా ఆంప్‌లలో ఎక్కువగా కనిపించేది 4ఏబీ3సీ1బీ. ఇందులో మొదటి అక్షరం ఇన్‌పుట్ ఇంపిడెన్స్‌ను, రెండోది అవుట్‌పుట్ ఇంపిడెన్స్‌ను చెబుతాయి. మీటరు చూపించేది ఇంపిడెన్స్ (ఆడే సిగ్నల్‌కు కాయిల్ పెట్టే అడ్డు) కాదు, డీసీ రెసిస్టెన్స్ (నిలకడ కరెంటుకు పెట్టే అడ్డు). ఈ రెండూ ఒకటి కావు, సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

కోడ్‌లో మొదటి అంకె 4 ఉన్న ట్యాంకుకు సుమారుగా ఈ అంకెలు రావాలి:

- ఇన్‌పుట్ ఏ, 8 ఓమ్‌లు: మీటరులో 0.8
- ఇన్‌పుట్ బీ, 150 ఓమ్‌లు: 26
- ఇన్‌పుట్ ఈ, 600 ఓమ్‌లు: 58
- ఇన్‌పుట్ ఎఫ్, 1475 ఓమ్‌లు: 200
- అవుట్‌పుట్ ఏ, 500 ఓమ్‌లు: 42
- అవుట్‌పుట్ బీ, 2250 ఓమ్‌లు: 200
- అవుట్‌పుట్ సీ, 10,000 ఓమ్‌లు: 800

కాస్త అటూఇటూ ఉన్నా ఫరవాలేదు. ఈ కొలతలో రెండు తప్పులు మళ్లీ మళ్లీ జరుగుతాయి. మొదటిది, 0.8 చూసి “కాయిల్ షార్ట్ అయింది” అనుకోవడం. 8 ఓమ్‌ల ఇన్‌పుట్‌కు అదే సరైన రీడింగ్. ముందు మీటరు వైర్లు రెండింటినీ ఒకదానికొకటి ఆనించి చూడండి. అప్పుడు వచ్చే 0.2నో 0.3నో ఆ తర్వాతి రీడింగ్‌లోంచి తీసేయాలి. రెండోది, 200 ఓమ్‌ల రేంజిలో అవుట్‌పుట్ కొలిచి ఓఎల్ గానీ 1 గానీ (రేంజి దాటిందని మీటరు చూపే గుర్తులు) కనిపిస్తే “కాయిల్ తెగింది” అనుకోవడం. అవుట్‌పుట్ కాయిల్‌కు 2000 రేంజి పెట్టండి. ఆ రేంజిలోనూ ఓఎల్ వస్తేనే తెగినట్టు.

7. ట్యాంకును విడిగా పలికించండి

మీటరు బాగుందన్నా నమ్మకం కుదరకపోతే ట్యాంకు అవుట్‌పుట్‌కు ఆర్‌సీఏ కేబుల్ పెట్టి, అడాప్టర్‌తో ఆంప్ ముందున్న గిటార్ జాక్‌లో గుచ్చండి. వాల్యూమ్ చాలా తక్కువ. ట్యాంకును స్పీకర్‌కు దూరంగా, మెత్తటి గుడ్డ మీద పెట్టండి, దగ్గరగా ఉంటే ఊళ వేస్తుంది. పెన్సిల్‌తో డబ్బా అంచును తట్టండి. స్ప్రింగుల మోత వినిపిస్తే అవుట్‌పుట్ కాయిల్ బతికే ఉంది.

సెండ్ వైపుకు ఒక చిట్కా ఉంది గానీ అన్ని ఆంప్‌లకూ పనికిరాదు. ట్యాంకు ఇన్‌పుట్ అక్షరం ఏ అయి, ఆంప్ దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నడుపుతుంటే, సెండ్ కేబుల్‌ను 8 ఓమ్‌ల చిన్న స్పీకర్‌కు తగిలించి గిటార్ మీటండి. సన్నగా గిటార్ వినిపిస్తే ఆంప్ తన పని తాను చేస్తోంది, ట్యాంకు ఇన్‌పుట్టే మూగబోయింది. ఏమీ వినిపించకపోతే డ్రైవర్ సర్క్యూట్‌ను అనుమానించాలి. ట్యూబ్ ఆంప్‌లో అది తరచూ 12ఏటీ7 ట్యూబ్. ఏ అక్షరం కాకపోతే ఈ చిట్కా జోలికి పోకండి.

8. రివర్బ్ ఉంది, హమ్ చంపేస్తోంది

రివర్బ్ నాబ్‌ను సున్నాకు తెస్తే హమ్ పోతోందా? పోకపోతే అది రివర్బ్ సమస్యే కాదు. పోతుంటే ట్యాంకు స్క్రూలు తీసి, కేబుళ్లు అలాగే ఉంచి, ట్యాంకును చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. తిప్పినకొద్దీ హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే అవుట్‌పుట్ కాయిల్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రంలో ఉంది. ట్యాంకు రెండు చివరలను అటుదిటు మార్చి, అవుట్‌పుట్ చివర ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా వచ్చేలా బిగించండి.

తిప్పినా హమ్ మారకపోతే రిటర్న్ కేబుల్ పై అల్లిక తెగి ఉండవచ్చు, కేబుల్ మార్చి చూడండి. అదీ కాకపోతే గ్రౌండింగ్. కోడ్‌లో అంకె తర్వాత వచ్చే మూడో అక్షరం దీని గురించే. సీ అంటే ఇన్‌పుట్ జాక్ డబ్బాకు తగలకూడదు, అవుట్‌పుట్ జాక్ తగలాలి. జాక్ బయటి రేకుకు, డబ్బాకు మధ్య మీటరుతో కంటిన్యుయిటీ (రెండిటి మధ్య కరెంటు దారి ఉందా అని) చూస్తే నిమిషంలో తేలుతుంది.

వాల్యూమ్ పెంచినప్పుడే ఊళ వేస్తుంటే అది వేరే కథ. ట్యాంకు కింది రబ్బరు బుష్‌లు లేకపోవడం, స్క్రూలు బుష్‌లు నలిగేంతగా బిగించడం, సంచిలో ఉండాల్సిన అట్ట లేకపోవడం దీనికి కారణాలు. స్క్రూలు ఆపి పట్టేంతే బిగించండి.

9. ట్యాంకు నిజంగానే పోతే

పొడవు సరిపోయిందని ఏ ట్యాంకు పడితే అది కొనకండి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ అక్షరాలు, గ్రౌండింగ్ అక్షరం మూడూ పాతదానితో కలవాలి. ఇన్‌పుట్ అక్షరం తప్పితే రివర్బ్ పీలగా వస్తుంది, లేదా చిరిగినట్టు వస్తుంది. గ్రౌండింగ్ తప్పితే హమ్. చివరి అక్షరం బిగించే తీరును చెబుతుంది. బీ అంటే అడ్డంగా, తెరిచిన వైపు కిందికి. దాన్ని నిలువుగా బిగిస్తే స్ప్రింగులు వంగి డబ్బాకు తగలవచ్చు.

ఇన్‌పుట్, అవుట్‌పుట్ అక్షరాల వెంటనే వచ్చే 1, 2, 3 అంకె మోత ఎంతసేపు నిలుస్తుందో చెబుతుంది. దీన్ని మీ ఇష్టానికి మార్చుకోవచ్చు. నా మటుకు 2 చాలు. 3 ఉన్నది ఒంటరిగా వాయించేటప్పుడు అందంగా ఉంటుంది గానీ బృందంలో బురదగా వినిపిస్తుంది. చిన్న ఆంప్‌లలో ఉండే 23.5 సెంటీమీటర్ల పొట్టి ట్యాంకు 42.5 సెంటీమీటర్ల పొడుగుదానిలా పలకదు. అది లోపం కాదు, దాని గొంతే అంత.

సరిచేశాక ఎలా నిర్ధారించుకోవాలి

అన్నీ బిగించాక రివర్బ్ నాబ్ 4 దగ్గర పెట్టి, తీగలను అరచేత్తో మూసి ఒక్కసారి టక్కున మీటండి. మీటు ఆగిన తర్వాత తోక ఎంతసేపు వినిపిస్తుందో గమనించండి. కోడ్‌లో మోత నిడివి చెప్పే అంకె 3 అయితే సుమారు 2.75 నుంచి 4 సెకన్లు, 2 అయితే 1.75 నుంచి 3, 1 అయితే 1.2 నుంచి 2. తోక మధ్యలో తెగినట్టు ఆగిపోతే స్ప్రింగు ఎక్కడో ఆనుతోంది.

తర్వాత నాబ్‌ను 2 నుంచి 7 వరకు మెల్లగా తిప్పండి, రివర్బ్ క్రమంగా పెరగాలి. బాగా కింది స్వరాలు గట్టిగా వాయించి గరగర ఉందేమో వినండి. వాయిస్తుండగా ఒక్కో కేబుల్‌ను కదపండి, తెగి తెగి రాకూడదు. చివరగా మళ్లీ ఒకసారి గుద్ది వినండి. నాబ్‌ను 10కి తిప్పినప్పుడు కొద్దిగా హిస్, కాస్త హమ్ వస్తాయి. దానికి మళ్లీ స్క్రూడ్రైవర్ తీయకండి.

ఆంప్‌ను వెనక్కి పంపాల్సి వస్తే “రివర్బ్ పనిచేయడం లేదు” అని మాత్రమే రాయకండి. గుద్దినప్పుడు చప్పుడు వచ్చిందో లేదో, కేబుళ్లు మార్చి చూస్తే ఏమైందో, రెండు జాక్‌ల రీడింగులు ఎంతో, ట్యాంకు కోడ్ ఏమిటో నాలుగు వరసల్లో రాసి, ఫొటోలు, గుద్దిన వీడియో జతచేయండి. వాళ్లు ట్యాంకు ఒక్కటే పంపుతామంటే కోడ్‌లోని అక్షరాలన్నీ పాతదానితో కలుస్తాయా అని ఒప్పుకునే ముందే అడగండి.